కాలనీలో పొద్దుటి యోగా బ్యాచ్ నిలబడాలంటే

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కాలనీ పార్కులో పాతిక మందితో పొద్దున్నే యోగా మొదలుపెట్టాలి. వయసులు 45 నుంచి 70 మధ్య. సగానికి పైగా బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లే. కొందరికి మోకాళ్ల అరుగుదల, ఒకరిద్దరికి నడుములో డిస్క్ సమస్య. ఇంతకుముందు జూన్ 21 యోగా దినోత్సవం ఊపులో మొదలైన బ్యాచ్ రెండు నెలలకే ఆగిపోయింది. ఈసారి ఎవరికీ ఇబ్బంది రాకుండా, ఆగకుండా ఎలా నడపాలి? అసలు దీనివల్ల ఒరిగేదెంత?

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అక్కడ ఆశలు సరిగ్గా పెట్టుకోకపోతే బ్యాచ్ మధ్యలోనే చెదిరిపోతుంది.

రోజూ గంటసేపు చేసేవాళ్లలో సాధారణంగా మొదట తేడా తెలిసేది నిద్రలో. తర్వాత మెడ, నడుము పట్టేయడం తగ్గుతుంది. దీర్ఘకాలపు నడుంనొప్పికి మాత్రల కంటే ముందు ప్రయత్నించదగ్గ పద్ధతుల్లో యోగాను కూడా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో చేర్చింది. బీపీ సగటున కొద్ది పాయింట్లు తగ్గుతుంది. మాత్ర వేసుకుంటూ చేస్తే అది మంచి తోడు, మాత్ర మానేసి చేస్తే ప్రమాదం. షుగర్‌కూ ఇదే వర్తిస్తుంది. “యోగా మొదలుపెట్టాక మందులు మానేశాను” అని ఒకరు గొప్పగా చెబితే పక్కన ఇద్దరు పాటిస్తారు. మందు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరుగారు చూసి చెప్పాల్సిన మాట అని మొదటి రోజే అందరి ముందూ చెప్పండి, నెలకోసారి గుర్తుచేయండి.

ఇంకో సంగతి చాలామంది టీచర్లు చెప్పరు. నెమ్మదిగా చేసే ఆసనాలు తేలికపాటి వ్యాయామం కిందికే వస్తాయి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులు తూలకుండా నిలబడే సాధన కూడా చేయాలంటోంది. నిలబడి చేసే ఆసనాలు ఆ చివరిదాన్ని బాగా తీరుస్తాయి. మొదటిది మాత్రం యోగాతో తీరదు. కాబట్టి క్లాసుకు ముందో తర్వాతో 20, 30 నిమిషాల చురుకైన నడక ఉండాలి. మన ఊళ్లలో వాకర్స్ అసోసియేషన్లు ఎలాగూ ఉన్నాయి. వాళ్లతో పోటీ పడకుండా, వాళ్ల నడక అయ్యే సమయానికి మీ క్లాసు మొదలయ్యేలా కుదుర్చుకుంటే రెండూ బాగుపడతాయి.

పొద్దుటి ఎండతో విటమిన్ డి వస్తుందని కూడా చెబుతుంటారు. ఆరింటి ఎండలో దాన్ని తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. కానీ ఆ వెలుతురు కళ్లకు తగలడం వల్ల ఒంట్లోని గడియారం సరిపడి రాత్రి వేళకు నిద్ర వస్తుంది. పొద్దున చేయడానికి అసలు బలమైన కారణం అదే. దాంతోపాటు ఇంకా ఫోన్లు, పనులు, చుట్టాలు మొదలవని సమయం రోజు మొత్తంలో అదొక్కటే.

ఇక మనుషుల సంగతి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో నివేదిక ఇచ్చింది. మన కాలనీల్లో ఇది కళ్లముందే ఉంది. పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటారు, ఇంట్లో ఇద్దరు, ఒక్కోసారి ఒక్కరే. అలాంటి మనిషికి తెల్లారేసరికి తన కోసం ఎదురుచూసే పాతిక మంది ఉండటం చిన్న విషయం కాదు. పైగా కలిసి ఒకే లయలో కదలడం, ఒకే లెక్కకు ఊపిరి తీయడం మనుషుల్ని దగ్గర చేస్తుంది. కబుర్లతో కలవడానికి మొహమాటపడేవాళ్లు కూడా పక్కపక్కన చేతులెత్తి నిలబడితే నెలలో పేరుపెట్టి పిలుచుకుంటారు. కాబట్టి ఎవరైనా రాకపోతే అడిగే ఏర్పాటు ఈ బ్యాచ్‌లో అన్నిటికంటే విలువైనది. దాన్ని యాదృచ్ఛికానికి వదలకండి. వరసగా రెండు రోజులు కనిపించకపోతే మూడో రోజు ఫోన్ వెళ్లాలి. ఎవరు ఎవరికి చేయాలో ముందే జతలుగా రాసుకోండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకైతే ఒక్కరోజు రాకపోయినా అదే రోజు వెళ్లి తలుపు తట్టండి.

సమయం, చోటు

సమయాన్ని సూర్యోదయానికి కట్టండి. హైదరాబాదులో జూన్‌లో సుమారు 5:40కి తెల్లారితే జనవరి మధ్యలో 6:50 దాకా పడుతుంది. విశాఖలో రెండూ ఇంచుమించు 20 నిమిషాలు ముందే. ఏడాదంతా 5:30 అని పట్టుబడితే డిసెంబరులో చీకట్లో, మంచులో పెద్దవాళ్లు రారు. మార్చి నుంచి అక్టోబరు 5:45, నవంబరు నుంచి ఫిబ్రవరి 6:30 అని రెండే సమయాలు పెట్టుకుని, అవి మారే తేదీలు ముందే చెప్పండి. చలికాలపు తెల్లవారుజామున గుండె మీద భారం ఎక్కువ. గుండెజబ్బు ఉన్నవాళ్లు ఆ నెలల్లో ఆలస్యంగా చేయడమే మంచిది.

ఆడవాళ్లు ఎందుకు రావట్లేదని చాలా బ్యాచ్‌లు అడుగుతాయి. పొద్దున 5:45 నుంచి 7 దాకా వంటింట్లో క్యారేజీలు, స్కూల్ బస్సులు. ఆ వేళకు పెట్టి రమ్మంటే ఎలా వస్తారు? కమ్యూనిటీ హాల్లో 10 గంటలకో సాయంత్రం 4:30కో రెండో బ్యాచ్ పెట్టండి. చీర కట్టుకునే వచ్చేవాళ్ల కోసం కుర్చీ ఆసనాలు, నిలబడి చేసేవి ఎక్కువ ఉంచండి.

ఒక్కొక్కరికి 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు చోటు కావాలి. అంటే పాతిక మందికి సుమారు వెయ్యి చదరపు అడుగులు. వరసలు ఒకరి వెనక ఒకరు కాకుండా ఎడంగా, ముందున్న ఇద్దరి మధ్య నుంచి టీచరు కనిపించేలా వేయండి. గడ్డి మీదైతే మంచు తడి ఉంటుంది కాబట్టి కింద జంపఖానా, దాని మీద మ్యాట్. 6 మిల్లీమీటర్ల మందం ఉంటే మోకాళ్లకు హాయి. గ్రానైట్, టైల్స్ మీద ఉత్త దుప్పటి పరిస్తే కాలు జారుతుంది, అది మాత్రం వద్దు. మేడ మీద చేస్తే పిట్టగోడకు ఆరడుగుల దూరం. కుర్చీలు కనీసం ఆరు, చేతులు లేనివి, గట్టివి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ పక్కకు ఒరిగిపోతుంది.

మైకు గురించి ఒక్క మాట. శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆరింటికి ముందు గొంతుతోనే నడపండి. పార్కు పక్కింటివాళ్లతో తగాదా వచ్చి ఆగిపోయిన బ్యాచ్‌లు చాలా ఉన్నాయి.

గంట క్లాసు ఎలా ఉండాలి

కేంద్రంలో యోగా, ఆయుర్వేదం లాంటివి చూసే ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారుచేసిన కామన్ యోగా ప్రోటోకాల్, అంటే అందరూ చేయదగ్గ ఆసనాల వరస, 45 నిమిషాలది. 2025లో విశాఖలో జూన్ 21 కార్యక్రమానికీ, దానికి ముందు నెలరోజులు ఆంధ్రప్రదేశ్‌లో యోగాంధ్ర పేరుతో ఊరూరా జరిగిన సాధనకూ అదే ఆధారం. వరస బాగుంది, దాన్నే పునాదిగా పెట్టుకోండి. కానీ మీ బ్యాచ్ వయసుకు కొన్ని మార్పులు తప్పనిసరి.

మొదటి మూడు నిమిషాలు ప్రార్థన, కళ్లు మూసుకుని కూర్చోవడం. కింద కూర్చోలేనివాళ్లు కుర్చీలో. అన్ని మతాలవాళ్లూ వచ్చే చోట శ్లోకం చదివేవాళ్లు చదవచ్చు, మౌనంగా ఉండేవాళ్లు ఉండవచ్చు. దీన్ని మొదటి రోజే మామూలు విషయంగా చెప్పేస్తే తర్వాత ఎవరికీ ఇబ్బంది ఉండదు.

తర్వాత పది నిమిషాలు సడలించే కదలికలు: మెడ, భుజాలు, మణికట్లు, నడుము, మోకాళ్లు, చీలమండలు. మెడను గుండ్రంగా తిప్పించకండి. కిందికి, నిటారుకు, ఎడమకు, కుడికి, అంతే. తల పూర్తిగా వెనక్కి వాల్చి తిప్పితే మెడ ఎముకలు అరిగినవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

నిలబడి చేసేవాటికి పదిహేను నిమిషాలు. తాడాసనంలో మడమలెత్తి పది సెకన్లు, మూడుసార్లు. వృక్షాసనం ఎప్పుడూ చెట్టు, గోడ, కుర్చీ, ఏదో ఒకటి చేతికందే దూరంలో. ఎత్తిన పాదం మోకాలి పక్కన ఆనించకూడదు, పిక్క దగ్గరో తొడ దగ్గరో ఆనించాలి. మోకాలు పక్కవాటు ఒత్తిడిని తట్టుకోలేదు. అర్ధచక్రాసనంలో అరచేతులు నడుముకు ఆన్చి, ఛాతీ పైకెత్తి వెనక్కి వంగాలి, తల వేలాడేయకూడదు. పక్కకు వంగే త్రికోణాసనంలో కాళ్ల మధ్య మూడడుగులు చాలు. చేతిని నేలకు తాకించాలన్న తాపత్రయంలో భుజం ముందుకు పడి, నడుము మెలితిరిగి, మోకాలు బిగుసుకుంటుంది. చేయి మోకాలి కింద ఆపండి, లేదా కుర్చీ మీద పెట్టండి. వీటికి నేను తప్పక చేర్చమనేది కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, 8 నుంచి 10 సార్లు, రెండు విడతలు. పేరుకు ఆసనం కాకపోయినా తొడ ముందు కండరం బలపడి మోకాళ్ల మీద భారం తగ్గించేది ఇదే. లేస్తున్నప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకోకూడదు, పాదం రెండో వేలి దిశలో ఉండాలి.

ముందుకు వంగే పాదహస్తాసనం ఆ ప్రోటోకాల్‌లో ముందే వస్తుంది. దాన్ని అక్కణ్నించి తీసేయండి. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో నడుం వంచితే వాటి మీద ఒత్తిడి పగటికంటే బాగా ఎక్కువ. పొద్దుటి క్లాసుల్లో నడుం పట్టేయడానికి తరచూ కారణం ఇదే, కానీ జనం చలిని అనుకుంటారు. డిస్క్ సమస్య, సయాటికా (నడుం నుంచి కాల్లోకి పాకే నొప్పి) ఉన్నవాళ్లు దాన్ని పూర్తిగా మానేయాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు, ముఖ్యంగా ముట్లుడిగి చాలా ఏళ్లైన ఆడవాళ్లు నడుం గుండ్రంగా వంచే ఏ ఆసనమూ చేయకూడదు, వెన్నుపూస చితికే ప్రమాదం ఉంది. మిగతావాళ్లు నిలబడి చేసేవన్నీ అయ్యాక, మోకాళ్లు కొద్దిగా వంచి, తుంటి దగ్గర నుంచి వంగాలి.

నేల మీద చేసేవాటికి ఇంకో పదిహేను నిమిషాలు. ముందు కిందికి దిగడం, పైకి లేవడం నేర్పండి. కుర్చీ పట్టుకుని ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు, తర్వాత చేతులు. ఇది రోజూ చేస్తే ఇంట్లో పడిపోయినప్పుడు తమంతట తాము లేవగలుగుతారు. వెల్లకిలా పడుకుని, మోకాలు పొట్టకు చేర్చే పవనముక్తాసనం ఒక్కొక్క కాలితో, తల ఎత్తకుండా. మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే సేతుబంధాసనం ఐదారు ఊపిర్లు. అందులో ఉండగా పక్కవాళ్లను చూడటానికి తల తిప్పకూడదు, మెడ మీద బరువుంటుంది. పడుకుని కాలు పైకెత్తే ఉత్తానపాదాసనం ఒక కాలే. రెండు కాళ్లూ కలిపి ముప్పై డిగ్రీల్లో ఆపితే పొత్తికడుపు బలం లేనివాళ్లకు ఆ లోటంతా నడుం మోస్తుంది. బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే భుజంగాసనం మోచేతుల మీద మొదలుపెట్టండి. చేతులు చాచి పైకి లేవడం మూడో నెలలో చూడొచ్చు. బోర్లా పడుకునే కాలు వెనక్కి ఎత్తే శలభాసనం కూడా ఒక్కో కాలు. చివర్లో కూర్చుని పక్కకు తిరిగే వక్రాసనం, నడుము నిటారుగా పెట్టి, మెలిక చిన్నదిగా. మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనంలో పిక్కలకూ తొడలకూ మధ్య మడిచిన దుప్పటి పెట్టినా మోకాలు నొస్తే కుర్చీలోకి మారిపోవాలి. నొప్పి భరించి కూర్చుంటే అలవాటవుతుందన్న మాట మోకాలి విషయంలో తప్పు.

శవాసనం ఐదు నిమిషాలు. టైమ్ అయిపోయిందని కోసేసేది ఎప్పుడూ ఇదే, కానీ కోయకూడనిది కూడా ఇదే. లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేతి సాయంతో కూర్చుని, ఒక నిమిషం ఆగి నిలబడాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి తూలుతారు. తర్వాత పది నిమిషాలు ప్రాణాయామం, రెండు నిమిషాలు మౌనం.

సూర్యనమస్కారాలు మొదటి రెండు నెలలు వద్దు. తర్వాత కూడా చేయగలిగినవాళ్లకు మాత్రమే, నిలబడి చేసేవాటి తర్వాత నాలుగు నుంచి ఆరు, ఒక్కోటి 30, 40 సెకన్లు తీసుకుంటూ. వేగంగా చేస్తే దెబ్బతినేది మణికట్లు, భుజాలు, నడుము. రథసప్తమికి 108 చేద్దామని ఉత్సాహం వస్తుంది. మంచి ఉత్సాహమే, కానీ దానికి రెండు నెలల ముందు నుంచి 12తో మొదలుపెట్టి వారానికి 12 చొప్పున పెంచుకున్నవాళ్లే పూర్తి లెక్క చేయాలి. మిగతావాళ్లు 12 చేసి లెక్కపెట్టే పని తీసుకోవచ్చు, కుర్చీలో చేయవచ్చు, మంత్రాలు చదవవచ్చు. అందరికీ ఏదో పాత్ర ఉంటే ఎవరూ మొహమాటానికి భుజం విరగ్గొట్టుకోరు.

ఊపిరి

మీ బ్యాచ్‌కు అసలు మేలు చేసేది నాడీశోధన. కుడి బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమతో పీల్చడం, ఉంగరపు వేలితో ఎడమ మూసి కుడితో వదలడం, మళ్లీ కుడితో పీల్చి ఎడమతో వదలడం, ఇది ఒక చుట్టు. పీల్చడానికి నాలుగు లెక్క, వదలడానికి ఆరు. ఒక చుట్టుకు 20 సెకన్లు, ఐదు నిమిషాల్లో 15 చుట్లు. నిమిషానికి ఆరు ఊపిర్ల దగ్గర గుండె లయ, బీపీని సర్దే నాడీవ్యవస్థ బాగా స్పందిస్తాయి. ఆయాసం అనిపిస్తే మూడు, నాలుగుకు దించుకోవాలి. ఊపిరి బిగబట్టడం ఈ వయసు బ్యాచ్‌లో ఎవరికీ నేర్పవద్దు. ముక్కును గట్టిగా నొక్కడం, మోచేయి ఛాతీకి అతికించి వంగిపోవడం మామూలుగా చేసే తప్పులు.

తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరి ఐదు నుంచి ఏడుసార్లు. చెవి రంధ్రంలోకి వేలు దూర్చకూడదు, ముందున్న చిన్న మృదులాస్థిని మెల్లగా మూస్తే చాలు. మడిచిన నాలుక గుండా గాలి పీల్చే శీతలి ఎండాకాలానికి. ఉబ్బసం, జలుబు ఉన్నవాళ్లకు వద్దు.

పొట్టను లోపలికి కొడుతూ ఊపిరి విసురుగా వదిలే కపాలభాతి గురించి అందరూ అడుగుతారు, టీవీలో చూసి వందల్లో చేసేస్తారు. అదుపులో లేని బీపీ, గుండెజబ్బు, హెర్నియా, ఇటీవల పొట్ట ఆపరేషన్, మూర్ఛ, గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), గర్భం, వీటిలో ఏది ఉన్నా చేయకూడదు. మిగతావాళ్లు సెకనుకు ఒకటి చొప్పున 20, నిమిషం విశ్రాంతి, అలా మూడు విడతలు. పొట్ట మాత్రమే లోపలికి కదలాలి. భుజాలు ఊగుతుంటే, ముఖం చిట్లిస్తుంటే, గాలిని బలవంతంగా పీల్చుకుంటుంటే ఆపించండి. తల దిమ్మెక్కడం శక్తి రావడానికి గుర్తని చెబుతుంటారు. నిజానికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గి మెదడుకు రక్తప్రసరణ తగ్గినందువల్ల వచ్చేది అది.

ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కునే జలనేతి బ్యాచ్‌లో అందరికీ ఒకేసారి చేయించకండి. ఇంట్లో చేసుకునేవాళ్లు మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి. కుళాయి నీళ్లు, బావి నీళ్లు ముక్కులోకి వెళ్తే మెదడును తినే అమీబా సోకే ప్రమాదం ఉంది. అరుదే, కానీ సోకితే బతికేవాళ్లు చాలా తక్కువ. అర లీటరుకు నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే టీస్పూనుకు కాస్త తక్కువ.

జబ్బులున్నవాళ్లు

మొదటి రోజు ప్రతి ఒక్కరితో ఒక చిన్న కార్డు రాయించండి: వయసు, జబ్బులు, వాడే మందులు, ఆపరేషన్లు, ఇంట్లోవాళ్ల నంబరు. ఆ కార్డులు టీచరు దగ్గర ఉండాలి, వాట్సాప్ గ్రూపులో కాదు.

షుగర్ ఉన్నవాళ్లలో ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి మందులు వాడేవాళ్ల మీద ఎక్కువ కన్నుండాలి. పరగడుపున నడక, తర్వాత గంట క్లాసు అంటే షుగర్ పడిపోవచ్చు. బయల్దేరే ముందు చూసుకుని 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో రెండు బిస్కెట్లో తినే రావాలి. క్లాసులో చల్లచెమట, వణుకు, గుండెదడ, మాట తడబాటు కనిపిస్తే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నవాళ్లు, గ్లకోమా ఉన్నవాళ్లు తల గుండెకంటే కిందికి వెళ్లే ఆసనాలన్నీ మానాలి. వజ్రాసనంలోంచి ముందుకు వంగి నుదురు నేలకు ఆనించే శశాంకాసనం కూడా అందులోకే వస్తుంది. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వట్టికాళ్లతో గడ్డి మీద నడవకూడదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఈ వేళ చాలా అనుకూలం. లేవగానే నీళ్లతో మాత్ర, తర్వాత క్లాసు, ఇంటికెళ్లాక కాఫీ. మాత్రకూ కాఫీకీ మధ్య ఉండాల్సిన అరగంట, గంట ఎడం దానంతటదే వచ్చేస్తుంది.

ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, అలవాటులేని ఆయాసం వస్తే ఆ రోజుకు క్లాసు అక్కడితో ఆపి 108. “గ్యాస్ అయ్యుంటుంది, శవాసనంలో పడుకోండి” అనే సలహా ఎవరూ ఇవ్వకూడదు. బ్యాచ్‌లో కనీసం నలుగురు సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే ప్రథమచికిత్స) నేర్చుకుని ఉండటం చాలా అవసరం.

నడిపేవాళ్లు, నియమాలు

టీచరును ఎంచుకునేటప్పుడు ఆయుష్ కింద పనిచేసే యోగా సర్టిఫికేషన్ బోర్డు పత్రం ఉందా అని చూడండి. ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ స్థాయి ఉన్నా మీ అవసరానికి సరిపోతుంది. పత్రం కంటే ముందు ఒక ట్రయల్ క్లాసులో ఒక విషయం గమనించండి: ఆయన క్లాసులో ఎక్కువసేపు తను ఆసనం వేసి చూపిస్తున్నారా, జనాన్ని చూస్తున్నారా? చూసేవాళ్లను పెట్టుకోండి. ముందు ఒకరు చేసి చూపిస్తుంటే, ఇంకొకరు వరసల మధ్య తిరుగుతుంటే, వెనక వరసలో కుర్చీల దగ్గర మూడోమనిషి ఉంటే పాతిక మందికి సరిగ్గా సరిపోతుంది. చేత్తో తోసి, నొక్కి ఆసనం సరిచేయడం వద్దు. ఆడవాళ్ల విషయంలో అసలే వద్దు, మాటతోనే చెప్పాలి.

ఏ ఆసనానికైనా మొదట కుర్చీ రూపం చెప్పి, తర్వాత కష్టమైనది చెప్పండి. సాధారణంగా దీనికి తలకిందులుగా జరుగుతుంది: పూర్తి ఆసనం చూపించి, “చేయలేనివాళ్లు ఇలా చేయండి” అంటారు. ఆ మాటతో 65 ఏళ్ల మనిషికి తను చేయలేనివాళ్ల జాబితాలో ఉన్నానని రోజూ గుర్తుచేసినట్టు అవుతుంది. రెండు వారాల్లో రావడం మానేస్తారు. కిందటిసారి మీ బ్యాచ్ ఎందుకు ఆగిందో వెతికితే ఇక్కడే మొదలుపెట్టండి. జూన్ 21కి జనాన్ని ఉత్సాహపరచడానికి ఎంచుకున్న వేగం, ఆసనాలు జులైలో కూడా కొనసాగి ఉంటాయి, ఒకరిద్దరికి నొప్పులు వచ్చి ఉంటాయి, పైగా వానలు. అందుకే ఈసారి మొదటి రెండు వారాలు అరగంట క్లాసే: సడలింపు, నిలబడే ఆసనాలు నాలుగు, నాడీశోధన. మూడో వారం నుంచి నేల మీదివి చేర్చి 45 నిమిషాలు, ఏడో వారానికి గంట. మధ్యలో కొత్తగా చేరినవాళ్లను కుర్చీల వరసలో రెండు వారాలు ఉంచండి.

డబ్బు లెక్క నెలకోసారి అందరికీ కనిపించేలా పెట్టండి. టీచరుకు ఇచ్చేది ఎంతైనా సరే, ఉచితంగా చేయించుకోకండి. ఉచితంగా వచ్చిన టీచరు మానేసినప్పుడు అడిగే హక్కు ఉండదు. బ్యాచ్‌లో పౌడర్లు, కషాయాలు, బరువు తగ్గించే షేకులు అమ్మడం పూర్తిగా నిషేధించండి. స్నేహాన్ని చూసుకుని కొనాల్సి వచ్చినవాళ్లు తర్వాత మొహం చాటేస్తారు. రాజకీయం, ఎన్నికల ప్రచారం కూడా అంతే. వాట్సాప్ గ్రూపులో క్లాసు సమాచారం, ఆరోగ్యం బాగోలేనివాళ్ల కబురు తప్ప ఇంకేమీ వద్దు. గుడ్ మార్నింగ్ బొమ్మలు నిండితే ముఖ్యమైన కబురు ఎవరూ చదవరు.

ఆదివారం సెలవు పెట్టి, నెలలో ఒక ఆదివారం అందరూ ఇంట్లో వండినవి తెచ్చుకుని కలిసి తినండి. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి ఆ వారం క్లాసు రద్దు చేయకుండా, ఊళ్లో ఉన్న ఐదారుగురితోనైనా కుర్చీ క్లాసు నడపండి. ఒకసారి రద్దు చేస్తే మళ్లీ మొదలుపెట్టే రోజు గురించి చర్చ పది రోజులు నడుస్తుంది. వానాకాలానికి కమ్యూనిటీ హాలో, స్టిల్ట్ పార్కింగో, గుడి మండపమో జూన్ మొదటివారంలోనే మాట్లాడి ఉంచండి. వాన పడిన పొద్దున చోటు వెతకడం కుదరదు.

ఫలితం ఎలా కొలవాలంటే మూడు నెలలకోసారి మూడు పరీక్షలు చాలు. కుర్చీలోంచి, చేతులు ఛాతీకి కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారు. గోడ పక్కన ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు నిలబడగలుగుతున్నారు. ఇంట్లో, ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూసుకున్న బీపీ వారం రోజుల సగటు ఎంత. క్లాసు అవగానే చూసిన బీపీ లెక్కలోకి రాదు. ఈ అంకెలు ఎవరివి వారి కార్డు మీదే రాసుకోవాలి. ఒకరి అంకె పక్కన ఇంకొకరిది పెట్టి బోర్డు మీద రాయవద్దు. ఆ బీపీ సగటు కాగితాన్ని తర్వాతిసారి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే మందు గురించి ఆయన నిర్ణయం తీసుకోవడానికి పనికొస్తుంది.